ఫోటోలో నేపథ్యమును వేరుచేయుట: చిక్కులు, ఉపాయములు

(మన సంఘము ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణమునకు, కవి సమ్మేళనమునకు నడుమ నాకు కొంత సమయము కేటాయించినారు. "నీవు చేసే పనిని గురించే చెప్పు, పిల్లలకు పనికివస్తుంది" అని కార్యదర్శిగారు సెలవిచ్చినారు. నేను పండితుణ్ణి కాను. రాబర్ట్‌సన్‌పేటలో చిన్న దుకాణము పెట్టుకొని, పాత ఫోటోలను కంప్యూటరులో బాగుచేసి, పటములు కట్టించి ఇచ్చేవాణ్ణి. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది అడిగే మాట ఒక్కటే: "మనిషిని ఉంచి, వెనక ఉన్నది తీసేయండి."

ఇప్పుడు ఈ పని నా దుకాణములోనే జరగనక్కరలేదు. మీ ఇంట్లో పిల్లవాడు ఫోనుమీద వేలు పెడితే మనిషి ఒకవైపు, నేపథ్యము ఒకవైపు విడిపోతున్నవి. అయినా చిక్కులు తీరలేదు. "చెయ్యి తెగిపోయింది", "జుట్టు చుట్టూ తెల్లని అంచు వచ్చింది", "తీసేసినా మళ్ళీ తెల్లగానే ఉంది" అంటూ వస్తూనే ఉన్నారు. ఈ చిక్కులు ఎందుకు వస్తాయో, ఎట్లా విప్పుకోవాలో ముందు చెబుతాను. చివర నేను చేసిన ఒక తప్పు కూడా చెబుతాను. నిజానికి దానిని చెప్పడానికే ఈ ఆహ్వానమును ఒప్పుకొన్నాను.

ఇది కొత్త విద్య అనుకోకండి. పూర్వము స్టూడియోలలో నెగటివు మీద మనిషి చుట్టూ సన్నని కుంచెతో చిక్కని ఎర్రరంగు పూసేవారు. వెలుతురు ఆ రంగు గుండా పోదు గనుక, కాగితము మీద ఆ భాగమంతా తెల్లగా వచ్చేది. సినిమాలలో ఒకే నటుడు రెండు వేషాలతో ఎదురెదురుగా నిలబడవలసి వస్తే, ఫిల్ములో సగము కప్పి సగము తీసి, మళ్ళీ వెనక్కు తిప్పి రెండవ సగము తీసేవారు. ఆ కప్పేదానికి మాస్కు అని పేరు. కంప్యూటరులో నేటికీ అదే పేరు నిలిచి ఉన్నది. అమెరికాలో నోల్ అనే అన్నదమ్ములు తయారుచేసిన ఫోటోషాప్‌ను అడోబీ కంపెనీ 1990లో విడుదల చేసినది. కిమ్‌బల్, మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన గింప్ 1996లో వెలువడినది. ఇది ఉచితము. ఎవరైనా తమ కంప్యూటరులో వేసుకొనవచ్చును. నేను చెప్పేది ఈ రెంటికీ వర్తిస్తుంది.

మొదట ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. కంప్యూటరుకు మనిషి తెలియడు, గోడ తెలియదు. దానికి తెలిసినవి చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అని మూడు అంకెలు ఉంటాయి. మామూలు ఫోటోలో ఒక్కొక్క అంకె 0 మొదలు 255 వరకు ఉంటుంది. మంత్రదండమని పేరుగల మ్యాజిక్ వాండ్‌తో మీరు గోడ మీద నొక్కితే, అది ఆ చుక్క అంకెను చూసి, దానికి దగ్గరగా ఉన్న చుక్కలన్నింటినీ పోగుచేస్తుంది. గింప్‌లో దీనిని ఫజీ సెలెక్ట్ అంటారు. ఎంత దగ్గర అని చెప్పే కొలతకు ఫోటోషాప్‌లో టోలరెన్స్ అని, గింప్‌లో త్రెషోల్డ్ అని పేరు. ఇది జల్లెడ కన్నువంటిది. కన్ను సన్నమైతే గోడలో సగమే వస్తుంది. పెద్దదైతే గోడతోబాటు తాతగారి చొక్కా కూడా జారిపోతుంది.

ఇక చిక్కులను ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదటిది, ఎంపిక సరిగా రాకపోవుట. గోడ ఒక పక్క ఎండలో, ఒక పక్క నీడలో ఉంటే, అది మన కంటికి ఒకే గోడ, కంప్యూటరుకు రెండు. అప్పుడు కొలతను పెంచకండి. తక్కువ కొలతతో ఒకచోట నొక్కి, షిఫ్ట్ మీట పట్టుకొని తక్కినచోట్ల మళ్ళీ మళ్ళీ నొక్కండి. ఎంపిక కొంచెము కొంచెముగా పెరుగుతుంది. మంత్రదండము మామూలుగా ఆనుకొని ఉన్న చుక్కలనే తీసుకొంటుంది. ఫోటోషాప్‌లో కంటిగ్యుయస్ అన్న గుర్తు తీసివేసినా, గింప్‌లో రంగునుబట్టి ఎంచే పనిముట్టు వాడినా, బొమ్మలో ఎక్కడ ఆ రంగు ఉంటే అక్కడల్లా ఎంపిక అవుతుంది. కళ్ళలోని తెలుపు, పళ్ళు, మల్లెపూలు కూడా పోయినవంటే ఇదే కారణము.

రెండవది, ఎంపికలో దోమకాటువంటి రంధ్రములు. పాత ఫోటోలో గరుకు ఉంటుంది, దుమ్ము ఉంటుంది. గోడ మధ్యలో ఒక నల్లచుక్క ఉంటే అది ఎంపికలోకి రాదు. దీనికి ఉపాయము ఏమంటే, బొమ్మకు ఒక నకలు తీసి, ఆ నకలును కొంచెము మసకబరచి, దానిమీద ఎంపిక చేయవలెను. ఆ ఎంపికను తెచ్చి అసలు బొమ్మమీద వాడుకోవలెను. మసక నకలులోనే ఉండిపోతుంది, అసలు చెక్కుచెదరదు.

మూడవది, మన ఇళ్ళలో అందరికీ ఎదురయ్యేది. సున్నము కొట్టిన గోడ ముందు తెల్ల పంచె కట్టుకొన్న పెద్దమనిషి. పంచెకూ గోడకూ అంకెలలో తేడా లేదు. ఏ మంత్రదండమూ అక్కడ పనిచేయదు. అట్టిచోట పెన్ను పనిముట్టుతో అంచు వెంబడి చుక్కలు పెట్టుకొంటూ చేతితో గీత గీయవలసినదే. గింప్‌లో దానిని పాత్స్ అంటారు. మోకాలు ఎక్కడ వంగినది, పంచె కొంగు ఎక్కడ పడినది అన్నది మన కన్ను ఊహించగలదు. అరగంట పట్టవచ్చును, గాని పని చక్కగా వస్తుంది.

అయితే గీయడానికి ముందు ఇంకొక చోట వెదకండి. బొమ్మలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలము పొరలను విడివిడిగా చూడవచ్చును. వీటిని ఛానెళ్ళు అంటారు. మొత్తము బొమ్మలో కనిపించని తేడా ఒక్కొక్కప్పుడు ఒక ఛానెలులో స్పష్టముగా కనిపిస్తుంది. నలుపు తెలుపు ఫోటో మీద పసుపు మరకలు పడితే అవి నీలపు ఛానెలులో నల్లగా కనిపిస్తాయి, ఎరుపు ఛానెలులో దాదాపు మాయమవుతాయి. అందుచేత నలుపు తెలుపు ఫోటోనైనా స్కాను చేసేటప్పుడు రంగులలోనే చేయవలెనని మనవి.

నాల్గవది, అంచు. మనిషిని తీసి కొత్త రంగుమీద పెట్టగానే చుట్టూ తెల్లని గీత మెరుస్తుంది. ఎందుకంటే అంచున ఉన్న చుక్క పూర్తిగా మనిషిదీ కాదు, పూర్తిగా గోడదీ కాదు. రెండూ కలిసినది. ఎంపికను ఒక చుక్క మేర లోపలికి తగ్గించి, అంచును అరచుక్కో, ఒక చుక్కో మెత్తబరచండి. దీనికి ఫెదర్ అని పేరు. పది, ఇరవై పెట్టినారంటే మనిషి పొగమంచులో నిలబడినట్లు కనిపిస్తాడు. జుట్టు విషయములో ఇదీ చాలదు. వెంట్రుకల సందులలో నేపథ్యము కనబడుతూనే ఉంటుంది గదా. అక్కడ సగము కనిపించి, సగము కనిపించకుండా ఉండవలెను. చుక్కకు రంగు అంకెలు మూడింటితోబాటు, ఎంత కనబడాలో చెప్పే నాల్గవ అంకెను చేర్చడము 1970ల చివర న్యూయార్కులో కాట్మల్, స్మిత్ అనే ఇద్దరికి తోచినది. దానినే ఆల్ఫా అంటారు. సులభమైన ఉపాయము మరొకటి ఉన్నది. తెల్లగోడ ముందు తీసిన మనిషిని నల్లని నేపథ్యముమీద పెట్టకండి. లేత రంగుమీదే పెట్టండి. సగము చిక్కు దానంతటదే పోతుంది.

ఐదవది, "తీసేసినా తెల్లగానే ఉంది" అన్న ఫిర్యాదు. దీనికి కారణములు మూడు. గింప్‌లో లేయరుకు ఆల్ఫా లేకపోతే, తీసివేసినచోట పారదర్శకము రాదు, నేపథ్యపు రంగు వచ్చి కూర్చుంటుంది. ముందుగా యాడ్ ఆల్ఫా ఛానెల్ అన్నది ఎంచుకోవలెను. ఫోటోషాప్‌లో బ్యాక్‌గ్రౌండ్ అన్న లేయరుకు తాళము ఉంటుంది. దానిమీద రెండుసార్లు నొక్కి మామూలు లేయరుగా మార్చుకోవలెను. మూడవది, అంతా సరిగా చేసి చివరికి జేపెగ్‌గా దాచుకొనుట. జేపెగ్‌లో పారదర్శకమునకు చోటు లేదు. అట్టిదానిని పీఎన్‌జీగా దాచుకోవలెను.

ఆరవది, "ఏమి చేసినా ఏమీ కావడము లేదు" అనేది. మొదట మీరు ఏ లేయరుమీద ఉన్నారో చూడండి. పైలేయరు కనిపిస్తూ ఉంటే కిందిదానిమీద పని చేస్తూ ఉంటాము. తరువాత, ఎక్కడో మూలలో చిన్న ఎంపిక మిగిలి ఉన్నదేమో చూడండి. అది ఉన్నంతవరకు కుంచె దాని లోపల తప్ప మరెక్కడా పడదు. ఎంపికను రద్దుచేయడానికి ఫోటోషాప్‌లో కంట్రోల్, డి. గింప్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎ. ఇంకొకటి, మనిషిని ఎంచుకొని తీసివేయి అంటే మనిషే పోతాడు. తీసివేయడానికి ముందు ఎంపికను తలకిందులు చేయడము మరువకండి.

ఏడవది, వాట్సాప్‌లో వచ్చిన ఫోటో. అక్కడ బొమ్మను నొక్కి చిన్నది చేసి పంపుతారు. జేపెగ్ పద్ధతి బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గళ్ళుగా కోసి నొక్కుతుంది. అందువలన అంచులన్నీ గళ్ళుగళ్ళుగా చెదురుతాయి. ఎంత నేర్పరి అయినా దానిలో శుభ్రమైన అంచు తీయలేడు. కువైట్‌లోనో, అమెరికాలోనో ఉన్న అబ్బాయి ఫోటో పంపదలచుకొంటే, దానిని డాక్యుమెంటుగా పంపుమనండి.

ఇక ఫోను తానే చేసే పనిని గురించి ఒక మాట. ఆ యంత్రమునకు లెక్కలేనన్ని ఫోటోలు చూపి, ఇది మనిషి, ఇది వెనుకటిది అని నేర్పినారు. అది ఊహించి కోస్తుంది. ఈనాటి ఫోటోలలో చాలావరకు సరిగానే కోస్తుంది. మన పాత ఫోటోలకు వచ్చేసరికి తాతగారి చేతికర్రను, తలపాగా కొసను, చంకలోని బిడ్డ కాలును వెనుకటిదిగా లెక్కగట్టి తీసివేస్తుంది. గుంపు ఫోటోలో ముందువరుస మనుషులు, వెనుకవరుస నేపథ్యము. ఏది ముఖ్యమో నిర్ణయించే అధికారము దానికి మనమే ఇస్తున్నాము.

యంత్రమునే అనడమెందుకు? నేను చేసినదీ అంతే. ఆ సంగతి ఇప్పుడు చెబుతాను.

మన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడినవి. ఆ తరువాత కొన్ని సంవత్సరములు నా దుకాణమునకు పటముల పని ఎక్కువగా వచ్చినది. క్వార్టర్సు ఉంటాయో, ఖాళీ చేయవలసి వస్తుందోనన్న దిగులుతో జనము పెట్టెలలోని ఫోటోలను పైకి తీసినారు. అప్పుడొక అవ్వ వచ్చినది. పెనిమిటి చిత్తూరు వైపు నుండి చిన్నతనములో గని పనికి వచ్చి ఇక్కడే స్థిరపడి, ఇక్కడే కన్నుమూసినవాడు. చేతిలో అరచేయంత ఫోటో. టోపీ పెట్టుకొని, దీపము పట్టుకొని ఆయన నిలబడి ఉన్నాడు. వెనుక షాఫ్టు మీది ఇనుప గోపురము, పెద్ద చక్రము, ఒక రేకుల షెడ్డు. కుడివైపు కొంచెము ఎడముగా ఇంకొక మనిషి.

"నాయనా, ఈ ఇనుప సామాను అంతా ఎందుకు? బతికినన్నాళ్ళూ దాని కిందే గదా ఉండె. మా ఆయన ఒక్కడుంటే చాలు. దేవుని పటాలకు ఉన్నట్టు వెనక నీలం రంగు పెట్టి ఇయ్యి" అన్నది.

"అట్లే అవ్వా" అన్నాను.

రెండు రోజులు శ్రమపడినాను. టోపీ అంచు, దీపపు కొక్కెము, అన్నీ చక్కగా తీసినాను. నీలపు రంగు వేసినాను. ఆమె పటము చూసి కళ్ళు తుడుచుకొన్నది. నేను గర్వపడినాను. ఆ గర్వములో చేసిన తప్పు ఏమంటే, కొత్త బొమ్మను పాత స్కాను పేరుతోనే, దానిమీదే దాచినాను. స్కాను పోయినది. అసలు ఫోటో ఆమె ఇంట్లో ఉన్నది గదా అనుకొన్నాను. వానకాలములో కప్పు కారి ఆ పెట్టె తడిసి, చెదలు పట్టినదని తరువాత తెలిసినది.

పది పన్నెండు ఏండ్లు గడిచినవి. ఒకనాడు ఒక కుర్రవాడు వచ్చినాడు. బెంగుళూరులో ఉద్యోగము, ఉదయము రైలుకు పోయి రాత్రి రైలుకు వచ్చే మన పిల్లలలో ఒకడు. అవ్వ మనుమడు కాడు, వేరే ఇంటివాడు.

"మామా, అవ్వవాళ్ళ తాత ఫోటో మీరే చేసినారంట. దాంట్లో పక్కన మా తాత కూడా ఉండాడంట. మా ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు. గనిలో పోయినప్పుడు మా నాయనకు మూడేండ్లు. మా నాయన వాళ్ళ నాయన మొగము చూడలేదు. ఆ పాతది మీ కంప్యూటర్లో ఉంటుందా?"

నేను వెదికినాను. సీడీలు వెదికినాను, పాత డిస్కులు వెదికినాను. నీలపు రంగుమీద ఒక్క మనిషి ఉన్న బొమ్మ తప్ప మరేమీ దొరకలేదు. రెండవ మనిషి మొగమును గంటసేపు తెరమీద పెద్దది చేసి, దాని అంచువెంబడి జాగ్రత్తగా గీత గీసి, తీసివేసినది నేనే. ఇప్పుడు కళ్ళు మూసుకొంటే ఆ మొగము గుర్తు రాదు. వెనుక ఉన్నది చాంపియన్ రీఫ్‌లోని గిఫర్డ్ షాఫ్టా, మరొకటా అంటే అదీ చెప్పలేను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొంటే ఏమి లాభము?

ఒక ఇంటివారికి నేపథ్యమైనది ఇంకొక ఇంటివారికి తాత. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతము చేసినాను.

మనము బంగారపు గనులలో పుట్టి పెరిగినవారము. రాయిని దంచి, పిండిచేసి, సైనైడు నీళ్ళలో బంగారమును కరగదీసి, మిగిలినది వ్యర్థమని పారబోసినారు. ఆ దిబ్బలు మన ఇళ్ళ పక్కన కొండలవలె నిలబడి ఉన్నవి. గాలివానకు వాటి దుమ్ము మన వంటిండ్లలోకి వచ్చినది. వ్యర్థమన్న ఆ దిబ్బలలో ఇంకా బంగారము మిగిలి ఉన్నదని ఈనాడు అందరికీ తెలుసు. ఫోటోలో నేపథ్యము కూడా అటువంటిదే. నేడు మనకు అక్కరలేనిది రేపు ఎవరికి కావలసి వస్తుందో మనకు తెలియదు. దిబ్బ అయినా అక్కడే ఉన్నది. నేను పారబోసినది ఇక లేదు.

అందుచేత నేపథ్యమును తీయవద్దని నేను చెప్పడము లేదు. తీయండి. పెళ్ళి పత్రికకు, వర్ధంతి పటమునకు తీయవలసి వస్తుంది. గాని ఈ నాలుగు నియమములు పాటించండి.

ఒకటి, పని మొదలుపెట్టక ముందే స్కానును వేరొక చోట దాచండి. దానిమీద ఎన్నడూ రాయకండి. చిన్న ఫోటో అయితే అంగుళమునకు 600 చుక్కల చొప్పున, రంగులలో స్కాను చేయండి. ఫోటో వెనుకవైపు కూడా చేయండి. స్టూడియో ముద్ర, పెన్సిలుతో రాసిన పేరు, తేది అక్కడే ఉంటాయి.

రెండు, తీసివేయకండి, కప్పండి. లేయరు మాస్కు అన్నది అందుకే ఉన్నది. మాస్కుమీద నలుపు పూస్తే ఆ భాగము దాగుతుంది, తెలుపు పూస్తే మళ్ళీ కనిపిస్తుంది, బూడిదరంగు పూస్తే సగము కనిపిస్తుంది. చెయ్యి తెగినా మళ్ళీ తెప్పించుకోవచ్చును. ఆ అవ్వ ఫోటోకు నేను మాస్కు వాడి, లేయర్లతో సహా దాచి ఉంటే, ఆ కుర్రవానికి తాత మొగము ఒక్క క్షణములో చూపించగలిగేవాణ్ణి.

మూడు, ఫోనులో చేసినా, ఫలితమును కొత్త పేరుతో దాచండి. ఏది అసలు, ఏది కోసినది అని పేరులోనే తెలియాలి. తాత పేరు, ఊరు, గని, సంవత్సరము తెలిసినంతవరకు పేరులో చేర్చండి.

నాలుగు, కోయడానికి ముందు ఆ ఫోటోను ఇంట్లో పెద్దవారికి చూపించండి. ముందు నిలబడినవారిని గురించి అందరూ చెబుతారు. మీరు వెనుకవారిని గురించి అడగండి. ఆ షెడ్డు ఏది, ఆ చక్రము ఏ షాఫ్టుది, అంచున సగము కనబడుతున్న ఆ మనిషి ఎవరు అని అడిగి రాసిపెట్టండి. గనులలో నీరు నిండినది. కిందికి దిగినవారు తగ్గిపోతున్నారు. చెప్పేవారు ఉన్నప్పుడే అడగవలెను.

కార్యవర్గమువారికి ఒక విన్నపము. వచ్చే ఉగాదికి ప్రతి కుటుంబము ఒక్కొక్క పాత ఫోటో తేవలెనని ఏర్పాటు చేయండి. స్కాను చేసే పని నాది. రుసుము అక్కరలేదు. స్కాను చేసి, ఫోటోను అప్పటికప్పుడే మీ చేతికి ఇచ్చివేస్తాను. ములబాగలు, శ్రీనివాసపురము, బంగారుపేట వైపు మన బంధువులకు కూడా చెప్పండి. ఒకరి ఫోటోలో వెనుక నిలబడినవాడు ఇంకొకరి ఇంట్లో ఎదురుచూస్తున్న మనిషి కావచ్చును. నేను పోగొట్టిన ఆ మనిషి కూడా ఎవరి పెట్టెలోని గుంపు ఫోటోలోనో వెనుకవరుసలో ఉండవచ్చునని నా ఆశ. దొరికితే ఆ కుర్రవానికి కబురు పంపవలెను. ఆయన తండ్రి ఇంకా బ్రతికే ఉన్నాడు.

ఈ నూతన సంవత్సరము మీ ఇళ్ళలో ముందువరుసవారికీ, వెనుకవరుసవారికీ సమానముగా శుభము కలిగించుగాక.